కంప్యూటర్‌కు పట్టిన రాహుకాలం

పోయినవారం శశికళను డ్రయ్యర్ గది గుమ్మంలో నిలబెట్టి ఎవరి పనులు వాళ్ళం చూసుకున్నాం. పాపం, ఆమె అక్కడే ఉంది. గోడ మీది గడియారం ఎనిమిది దాటిందంటోంది. దాని కిందే కూర్చున్న కంప్యూటర్ ఇంకా ఏడుంపావు కూడా కాలేదంటోంది. రెంటిలో ఏదో ఒకటి అబద్ధమాడుతోంది. గోడ గడియారానికి అంత తెలివి లేదు.

కథలోకి ఈవారమే అడుగుపెట్టినవాళ్ళకు నాలుగు ముక్కలు. చిక్కబళ్ళాపురం శివార్లలో, కిటికీ తెరిస్తే నందికొండ కనిపించే చోట, హనుమంతరాయగారి మాత్రల ఫ్యాక్టరీ ఉంది. మూర్ఛ వచ్చేవాళ్ళు వాడే మాత్రలు అక్కడ తయారవుతాయి. చిక్కబళ్ళాపురం కొత్త జిల్లా అయి నెలలు గడిచాయి. గేటు మీది బోర్డులో మాత్రం ఇంకా కోలారు జిల్లా అనే ఉంది. కాలంతో కలిసి నడవడంలో ఆ ఫ్యాక్టరీకి ఏమాత్రం తొందర లేదు. అలాంటి ఫ్యాక్టరీకి జర్మనీ నుంచి తనిఖీకి మనుషులు వస్తున్నారు. వాళ్ళు తలూపితే సరుకు సముద్రం దాటుతుంది. వాళ్ళు తలూపాలంటే, యంత్రాలను నడిపే కంప్యూటర్లు చెప్పిన పని చెప్పినట్టు చేస్తున్నాయనీ, చెప్పని పని చేయడం లేదనీ ఒకరు పరీక్షించి సంతకం పెట్టాలి. ఈ పరీక్షకు వాలిడేషన్ అని పేరు. పేరులోనే వాలి ఉన్నాడు. ఎదురుగా నిలబడినవాళ్ళ బలంలో సగం లాగేసుకుంటాడు. మిగిలిన సగంతో పని చేస్తున్నది బాగేపల్లి నుంచి వచ్చిన శశికళ.

ఆ సోమవారం గుమ్మంలో నిలబడి రెండు గడియారాలూ చూసినప్పటి నుంచి శశికళ ఆరా తీస్తూనే ఉంది. ఆరబెట్టే గదిలో ఆరా తీస్తే తడి బయటపడక తప్పదు. శుక్రవారం ఉదయానికి యజమాని నుంచి పిలుపు వచ్చింది.

హనుమంతరాయ గదిలోకి ఆమె వెళ్ళేసరికి ముత్యాలప్ప అప్పటికే అక్కడ ఉన్నాడు. సాదలి అనే ఊరి మనిషి. డ్రయ్యర్ నడిపేది అతనే. గోడకు ఆనుకోకుండా, అలాగని గోడకు దూరంగానూ కాకుండా, టోపీ చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. బల్ల మీద టైపు చేసిన కాగితం ఒకటి ఉంది. డ్రయ్యర్ కంప్యూటర్ బాగానే ఉందనీ, ముత్యాలప్ప ఒక్కసారి తెలియక దాని గడియారాన్ని కదిపాడనీ, మాత్రలకు ఏ హానీ జరగలేదనీ అందులో ఉంది. కింద శశికళ పేరు, పేరు మీద ఖాళీ. ఆ ఖాళీ నిండితే సోమవారాల్లో తయారైన మాత్రలన్నీ దుకాణాల్లో ఎక్కడివక్కడే ఉంటాయి. మింగేవాళ్ళు మింగుతూనే ఉంటారు. నిండకపోతే వాటన్నిటినీ వెనక్కి పిలిపించాలి, తనిఖీకి వచ్చేవాళ్ళకు ఎందుకు పిలిపించామో చెప్పాలి.

“చూడమ్మా, వీడు తెలీక ముట్టినాడు. వీణ్ణి ఇంటికి పంపిస్తాండా. నువ్వు సంతకం పెట్టు, అయిపోతాది,” అన్నాడు హనుమంతరాయ.

సంతకం అనే మాటలో సంత ఉంది గాని, శశికళ బేరానికి వచ్చిన మనిషి కాదు. సోమవారం మాత్రలను పరీక్షించకుండా పెట్టలేనంది.

“చింతామణిలో మా అమ్మ దగ్గరుండే నా బిడ్డ అక్షతకు చిన్నప్పటి నుంచి మూర్ఛ ఉండాది. అది మింగేది మన మాత్రలే. శుక్రవారం చేసిన పెట్టెలోంచి నేనే ఎంచి పంపిస్తా. చెడిపోయే మాత్ర నా బిడ్డకే ఇస్తానా?”

“శుక్రవారం మాత్రల సంగతి నేను ఎత్తలేదు సార్. నేను అడిగేది సోమవారం మాత్రల సంగతి.”

హనుమంతరాయ దేవుడి పటం వైపు చూశాడు. ఆ పటం ముందున్న కాగితాల గురించి ఇక్కడ చెప్పుకోవాలి. హనుమంతరాయ ఇంటివాళ్ళు తరతరాలుగా చింతామణిలో వేరుసెనక్కాయల వ్యాపారులు. మండీకి వచ్చిన మొదటి మూటలోంచి పిడికెడు కాయలు దేవుడి ముందు పెట్టడం ఆ ఇంటి ఆచారం. కాయల నుంచి మాత్రల్లోకి వచ్చినా ఆచారం మానలేదు. మాత్రలు పిడికిట్లో పట్టి దేవుడికి పెడితే ఆయనకే రోగమంటగట్టినట్టు ఉంటుందని, డ్రయ్యర్ మొదలైనప్పుడు ప్రింటరు ఇచ్చే మొదటి కాగితానికి నాలుగు మూలలా పసుపు పూసి పటం ముందు పెడతారు. ప్రతి శుక్రవారం హనుమంతరాయ తల్లి కన్యకమ్మ చింతామణి నుంచి కారులో వచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కొక్క కాగితం మీద మొదలైన వేళ చూసి, పంచాంగంతో సరిచూసుకుంటుంది. శుక్రవారం పదిన్నరకు రాహుకాలం గనక ఈ పనంతా అంతకు ముందే ముగించి, పన్నెండు దాకా కుర్చీలోంచి కదలదు. ఆమె చూసిన తరవాతే కాగితాలు ఫైలుకు వెళతాయి. జర్మనీవాళ్ళు ఆ ఫైలు తెరిస్తే పెళ్ళి పత్రికలనుకుని ముహూర్తం అడుగుతారని శశికళ ఇదివరకే అనుకుంది.

కన్యకమ్మ ఇంకా రాలేదు. శశికళ ఇద్దరినీ డ్రయ్యర్ గదికి రమ్మంది. తన నోటితో చెబితే మాట అవుతుందనీ, యంత్రంతో చెప్పిస్తే పరీక్ష అవుతుందనీ అంది.

ఆ గదిలోకి ఎవరు పోవాలన్నా టోపీ పెట్టుకోవాలి. ఇంకొకరికి పెట్టకూడదు. హనుమంతరాయ తెల్ల గౌను తొడుక్కుని, చెవులు మూసేలా టోపీ లాక్కుని, చేతులకు తొడుగులు వేసుకుని వచ్చాడు. డ్రయ్యర్ అంటే మరేం కాదు, పెద్ద ఉక్కు బీరువా. లోపల అరలు అరలుగా పళ్ళేలు. పళ్ళేల్లో తడిపిండి పరిచి తలుపు వేస్తే వేడిగాలి తిరుగుతుంది. ఆరు గంటలు ఆరాలి. ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ఆగాలో పక్కనున్న కంప్యూటర్ చూసుకుంటుంది. కంప్యూటర్‌ను ఎవరు ముట్టుకోవాలన్నా లాగిన్ కావాలి. ఈ ఫ్యాక్టరీలో లాగిన్ ఒక్కటే. తేరు లాగినట్టు అందరూ కలిసి లాగినదే. రహస్యపదం పేరుకు రహస్యం, ఉండేది మాత్రం తెర మూలన అంటించిన ప్లాస్టరు ముక్క మీద. ఎవరేం చేశారో తనంతట తాను గుర్తు పెట్టుకునే ఏర్పాటు కూడా ఆ కంప్యూటర్‌లో ఉండేది. దానివల్ల నెమ్మదిగా నడుస్తోందని బిగించిన మనిషే దాన్ని ఆపేసి బెంగళూరు బస్సెక్కాడు.

శశికళ మందు కలపని ఉత్త పిండిని తడిపి పళ్ళేల్లో పరిపించింది. కంప్యూటర్‌కు గంటసేపు ఆరబెట్టమని చెప్పింది. తరవాత ముత్యాలప్ప వైపు తిరిగి, సోమవారం పొద్దున ఏం చేస్తాడో అదే చేయమంది.

ముత్యాలప్ప యజమాని వైపు చూశాడు. యజమాని గోడ వైపు చూశాడు. గోడ మీద గడియారం తప్ప ఇంకేమీ లేదు.

ముత్యాలప్ప కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. లాగిన్ కొట్టి, గడియారాన్ని గంటకు పైగా వెనక్కి జరిపి, డ్రయ్యర్ మొదలుపెట్టాడు. ప్రింటరు కాగితం కక్కింది. కాగితం చింపి పక్కన పెట్టి, గడియారాన్ని మళ్ళీ అసలు వేళకు తెచ్చాడు. పంచె కట్టుకునే మనిషి చేతుల్లా అతని వేళ్ళు వాటంతటవే నడిచాయి. మధ్యలో ఒక్కచోట కూడా ఆగలేదు.

“ఒక్కసారి తెలీక ముట్టినవాడి వేళ్ళు ఇంత సులువుగా పోవు సార్,” అంది శశికళ.

ఈలోగా బీరువాలోంచి వచ్చే హోరు తగ్గి, ఆగిపోయింది. పచ్చదీపం వెలిగింది. గంటసేపూ ఆరబెట్టాననీ, పిండి సిద్ధమనీ కంప్యూటర్ తెర మీద చెప్పింది. దాని తప్పేమీ లేదు. మొదలైన వేళ చూసింది, ఇప్పటి వేళ చూసింది, మధ్యలో గంట దాటింది గనక ఆపేసింది. మనుషులు రాహుకాలాన్ని దాటించామనుకున్నారు. యంత్రం పని దాటేసింది.

శశికళ తలుపు తీసి అడుగు పళ్ళెం బయటికి లాగింది. చూడమంది.

హనుమంతరాయ కాసేపు పళ్ళెం చూసి, కుడిచేతి తొడుగు ఊడదీశాడు. ఆ గదిలో అది చేయకూడని పని. మందు లేని పిండే గదా అని శశికళ ఊరుకుంది. అతను పిడికెడు పిండి తీసుకుని మూసి, చెవి దగ్గర పెట్టుకున్నాడు. చింతామణి మండీలో వేరుసెనక్కాయల తేమ ఇలాగే పిడికిలి బిగించి, చప్పుడు విని చెప్పేవాడు. తన సరుకైనా ఎదుటివాడి సరుకైనా ఆ చెయ్యి ఒకటే మాట చెబుతుందని మండీలో పేరుండేది. పిడికిలి తెరిచాడు. పిండి ముద్ద కట్టింది. ముద్ద మీద అతని నాలుగు వేళ్ళ గుర్తులూ ఉన్నాయి.

“తడి,” అన్నాడు. కొనుగోలుదారుతో మాట్లాడుతున్నట్టు, మరో మాట లేకుండా.

కాసేపటికి ల్యాబ్ గుర్తొచ్చింది. సోమవారం మాత్రలన్నీ ల్యాబ్‌లో పాసయ్యాయి గదా అన్నాడు. శశికళ పై పళ్ళెం చూపించింది. సోమవారం పిండి అయిదు గంటలే ఆరింది. అయిదు గంటలకు పై పళ్ళేలు ఆరిపోతాయి, అడుగువి ఆరవు. ల్యాబ్‌కు నమూనా తీసేవాడు వంగడానికి బద్ధకించి ఎప్పుడూ పై పళ్ళెంలోంచే తీస్తాడు. అడుగు పిండితో చేసిన మాత్ర కూడా మొదట్లో బాగానే ఉంటుంది. వారాలు గడిచేకొద్దీ లోపలి తడి మందును తినేస్తుంది. చివరికి మిగిలేది నామమాత్రం. మింగిన మనిషి మందు వేసుకున్నాననే ధైర్యంతో పొయ్యి దగ్గరికో బావి దగ్గరికో పోతాడు. మూర్ఛ వస్తే అక్కడే వస్తుంది.

ముత్యాలప్ప యజమాని వైపు తిరిగాడు.

“సావుకారూ, నన్ను చెప్పమంటారా, మీరే చెప్తారా?”

హనుమంతరాయే చెప్పాడు. పెద్ద కథేమీ కాదు. మిగతా రోజుల్లో రాత్రి షిఫ్టు పని ముందే సాగుతూ ఉంటుంది గనక చిక్కులేదు. ఆదివారం సెలవు. సోమవారం ఆరింటికి వచ్చినవాళ్ళు పిండి కలిపితే ఎనిమిదింటికి తడిపిండి సిద్ధమవుతుంది. కలిపిన పిండి కాచుకోదు. సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలం. చేత్తో రాసే కాలంలో ఎనిమిదింటికి మొదలుపెట్టి ఏడుంపావు అని రాసేవాళ్ళు, అమ్మ చూసి సంతోషించేది, పిండి తన పాటికి తాను ఆరేది. కంప్యూటర్ వచ్చాక అది నిజం వేళ వేయడం మొదలుపెట్టింది. రాహుకాలం పడిన మొదటి కాగితం చూసి కన్యకమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు. ఆ మరుసటి సోమవారం హనుమంతరాయే ముత్యాలప్ప పక్కన నిలబడి గడియారం ఎట్లా తిప్పాలో చూపించాడు. చేత్తో రాసిన అబద్ధం కాగితం మీదే ఉండిపోయేది. కంప్యూటర్‌కు చెప్పిన అబద్ధాన్ని అది నమ్మి, దాని ప్రకారం పని చేస్తుందని అతనికి తట్టలేదు.

ముగ్గురూ యజమాని గదికి తిరిగి వచ్చేసరికి కన్యకమ్మ కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్ళో పసుపు కాగితాలు, పక్కన పంచాంగం, భుజానికి గుడ్డసంచి. పని సగం అయింది.

“ఈ సోమవారం కాగితం యాడప్పా? కనిపించలేదు,” అంది.

ఆ కాగితం శశికళ దగ్గర ఉంది. ఇవ్వబోయింది గాని హనుమంతరాయ చెయ్యి అడ్డుపెట్టాడు. తల్లి ఎదురుగా కూర్చుని, ఏదీ దాచకుండా చెప్పాడు. వేళ తిప్పిందీ, తడి మిగిలిందీ, ముత్యాలప్ప మీద పెట్టాలనుకున్నదీ కూడా. కన్యకమ్మ కళ్ళజోడు తీసి పంచాంగం మీద పెట్టింది.

“రాహుకాలంలో మొదలుపెట్టొద్దు అంటి. గడియారం తిప్పమని ఎప్పుడంటినప్పా? పిండి ఒక గంట నిదానంగా కలుపుకోనుంటే పోయేది గదా?”

ఈ ఫ్యాక్టరీలో ఇంజినీర్లున్నారు, ఫార్మసీ చదివినవాళ్ళున్నారు, బెంగళూరు నుంచి వచ్చిపోయే సలహాదారులున్నారు. గడియారాన్ని తిప్పే దారి కనిపెట్టారు గాని, పిండిని ఆపే దారి ఒక్కరికీ తోచలేదు. అందరూ పెద్దమ్మను మెప్పించే పనిలో ఉండి పెద్దమ్మను అడగడం మరిచారు.

“ఇంత అబద్ధం నా పేరున ఆడినారా,” అంది కన్యకమ్మ నెమ్మదిగా. “పసుపు పూసి ఆడినారా.”

హనుమంతరాయ బల్ల మీది కాగితాన్ని తీసుకుని నిలువునా చింపాడు. జరిగింది జరిగినట్టు రాయమని శశికళతో అన్నాడు. తనిఖీవాళ్ళు ఏమన్నా అననీ, సోమవారం మాత్రలన్నీ దుకాణాల్లోంచి వెనక్కి పిలిపిస్తానన్నాడు. ముత్యాలప్పతో, పోయి పని చూసుకోమన్నాడు. ముత్యాలప్ప టోపీ పెట్టుకున్నాడు గాని గుమ్మం దాటలేదు. చింతామణికి ఎవరు, బాగేపల్లికి ఎవరు పోవాలో చెప్పకపోతే సరుకు ఎట్లా వెనక్కి వస్తుందన్నాడు. మాట్లాడుకోవడం మొదలుపెట్టాక హనుమంతరాయ మొహం కాస్త తేటపడింది. మూట దించుకున్న మనిషిలా కుర్చీలో వెనక్కి వాలాడు.

“ఇంకా నయం. మన పాపవి శుక్రవారం మాత్రలు,” అన్నాడు తల్లితో.

కన్యకమ్మ గుడ్డసంచి ఒళ్ళోకి లాక్కుని అందులో వెతకడం మొదలుపెట్టింది. కర్పూరం పొట్లం తీసింది, తాళాల గుత్తి తీసింది, చివరికి మాత్రల రేకు ఒకటి తీసింది. దాంట్లో చాలా గుంతలు ఖాళీ అయ్యాయి.

“పోయిన నెల ఒక సోమవారం కాగితంలో వేళ అమృత ఘడియల్లో పడింది,” అంది. “అన్ని కాగితాల్లోనూ అంత మంచి వేళ ఇంకొకటి లేదు. నువ్వు పంపించినవి పక్కన పెట్టి, ఆ దినం చేసినవే గోడౌన్ నుంచి తెప్పించినా. నెలనుంచి పాపకు ఇవే ఇస్తాండా. ఈ పొద్దు కూడా ఇచ్చే వస్తిని.”

రేకు వెనక అచ్చువేసిన నెంబరును శశికళ చూసింది. తన దగ్గరున్న నెంబర్లతో పోల్చి చూడాల్సిన అవసరం రాలేదు. వాటిని ఆమె నాలుగు రోజులుగా నిద్రలో కూడా చదువుతోంది. తల ఊపింది.

హనుమంతరాయ ఫోను అందుకున్నాడు.

“ఇస్కూలుకు చేస్తా. మిస్‌కు చెప్పి పక్కన కూర్చోబెట్టుకోమంటా.”

“ఇస్కూల్లో లేదప్పా,” అంది కన్యకమ్మ.

“యాడ ఉండాది మరి?”

“ఇస్కూలోళ్ళ ప్రవాసకు, టూరుకు పోయింది. యాడికని కూడా అడక్కుండా నువ్వు పంపొద్దంటివని రెండు దినాలు అలిగి కూచున్నింది. బస్సులో పోయి వచ్చేదే గదా, అమృత ఘడియల మాత్ర వేసుకునే బిడ్డకు ఏమవుతాదిలే అని నేనే పంపించినా.”

“యాడికి ప్రవాస?”

కన్యకమ్మ కిటికీ వైపు చూసింది. మిగతా ముగ్గురూ అటే చూశారు. కిటికీ నిండా నందికొండ ఉంది. ఈ పక్క నుంచి రోడ్డు కనబడదు. పాత మెట్లదారి మాత్రం బండల మధ్య తెల్లటి గీతలా, పైకి పోయేకొద్దీ సన్నబడుతూ కనిపిస్తోంది.

“బస్సు కిందే నిలిపేస్తారంట,” అంది. “పిల్లోళ్ళను మెట్ల మీద ఎక్కిస్తారంట.”

ఆ గది గోడ మీది గడియారం పదిన్నర దాటింది. ఈ గడియారాన్ని ఎవరూ తిప్పలేదు. శుక్రవారం రాహుకాలం మొదలైంది. కన్యకమ్మ గడియారాన్ని చూసింది. ఒళ్ళోని పసుపు కాగితాలు జారి కింద పడ్డాయి. అందరికంటే ముందు ఆమె లేచి నిలబడింది.

“కారు తీయమనప్పా,” అంది.